ఇంటిపేరు మారిన అక్కచెల్లెళ్ల వెంట: యుద్ధంలో కూలిన విమానాల సిబ్బంది బంధువులను వెతకడం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

ఒక విమానంతో మొదలుపెడదాం. లాంకాస్టర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్. నాలుగు ఇంజన్లు, ఏడుగురు మనుషులు. పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, నడిమి భాగంలో పైన ఒక గన్నర్, తోక చివర ఇంకో గన్నర్. ఇంగ్లండ్‌లో లింకన్ చుట్టుపక్కల ఏదో ఒక రన్‌వే మీంచి చీకటి పడ్డాక లేస్తుంది. హాలండ్‌లోనో బెల్జియంలోనో జర్మనీలోనో ఒక ఊరి పొలంలో కూలిపోతుంది. ఆ మంటని ఆ రాత్రి పదేళ్ల పిల్లవాడొకడు కిటికీలోంచి చూస్తాడు. ఇప్పుడు అతనికి తొంభై దాటాయి. నేను ఉండగానే ఇక్కడొక రాయి పెట్టించండి అంటాడు. ఊళ్లో నలుగురు చేరి కమిటీ వేస్తారు, డబ్బు పోగుచేస్తారు, రాయి చెక్కిస్తారు. ఏడు పేర్లు దొరుకుతాయి. పేర్లు దొరకడం పెద్ద కష్టం కాదు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "ఆవిష్కరణకి వీళ్ల తాలూకు మనుషులెవరైనా వస్తే బాగుంటుంది కదా?"

బంధువులను వెతికే మాలాంటి వాళ్ల పని అక్కడ మొదలవుతుంది. ఆ ఏడుగురూ ఒక్క దేశంవాళ్లు కారు. ముగ్గురు ఇంగ్లీషువాళ్లు, ఒక స్కాట్లండ్ అతను, ఇద్దరు ఆస్ట్రేలియన్లు, ఒక కెనడియన్. ఇలాంటి కలగలుపు అప్పట్లో మామూలే. అంటే ఒక్క రాయి కోసం నాలుగైదు చోట్ల రికార్డులు తిరగెయ్యాలి. చోటు మారితే రికార్డుల పద్ధతి మారుతుంది. ఒకచోట సులువుగా దొరికేది ఇంకోచోట అసలు ఉండదు.

బాంబర్ కమాండ్ అని బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో ఒక విభాగం. అందులో విమానాల్లో ఎగిరినవాళ్లు దాదాపు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573. వందమందిలో 44 మంది. మళ్లీ చెప్తున్నాను, వందలో 44. ఇది ఒక్క విభాగం లెక్క మాత్రమే. ఫైటర్లు, సముద్రం మీద గస్తీ తిరిగినవాళ్లు, బర్మా వైపు ఎగిరినవాళ్లు, అమెరికన్లు, వీళ్లెవరూ ఇందులో లేరు.

సరే, వీళ్ల వయసెంత? ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. ముప్ఫై ఏళ్లవాడుంటే సిబ్బంది అతన్ని తాతా అని ఏడిపించేవాళ్లు. ఇప్పుడు మీరు చెప్పండి, ఇరవై రెండేళ్ల కుర్రాడికి వారసులెవరుంటారు? పెళ్లి కాలేదు. పిల్లలు లేరు. అమ్మానాన్నలు పోయి యాభై ఏళ్లు దాటింది. అన్నదమ్ములు ఉంటే వాళ్లూ అదే యుద్ధంలో ఉన్నారు, కొందరు అందులోనే పోయారు. ఇక మిగిలింది ఎవరు?

అక్కచెల్లెళ్లు.

ఈ సాయంత్రం మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. యుద్ధంలో పోయిన కుర్రాడి మనుషులు దొరికేది చాలావరకు అక్కచెల్లెళ్ల వైపు నుంచే. అన్నయ్య పోయేనాటికి పద్నాలుగేళ్ల పిల్ల. నాలుగైదేళ్లకి పెళ్లయింది, ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఒక్కోసారి దేశమే మారింది. ఆమె డ్రాయర్లో అన్నయ్య ఫొటో ఉంది. ఆమె పోయాక అది కూతురికి చేరింది. ఆ కూతురికి మళ్లీ ఇంకో ఇంటిపేరు. మీరేమో కుర్రాడి ఇంటిపేరు పట్టుకుని టెలిఫోన్ డైరెక్టరీ అంతా వెతుకుతుంటారు. దొరకదు. ఎలా దొరుకుతుంది?

మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాను. ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. ఇంద్రలాల్ రాయ్ పేరు విన్నవాళ్లు ఎంతమంది? పర్లేదు, చాలామందే ఉన్నారు. బ్రిటిష్ వైమానిక దళంలో ఫైటర్ పైలట్. 1898లో కలకత్తాలో పుట్టాడు. 1918 జులైలో రెండు వారాలు తిరక్కుండానే పది విమానాల మీద గెలిచాడు. అదే నెల 22న ఫ్రాన్స్‌లో కూలిపోయాడు. పంతొమ్మిదేళ్లు. ఎస్తెవెల్ అనే చిన్న ఊరి శ్మశానంలో సమాధి ఉంది, దాని మీద బెంగాలీలో కూడా రాసి ఉంది. పెళ్లి లేదు, పిల్లలు లేరు. మరి అతనికి మేనల్లుడి వరస అయ్యేది ఎవరు? సుబ్రతో ముఖర్జీ. స్వతంత్ర భారత వైమానిక దళానికి మొట్టమొదటి భారతీయ అధిపతి, 1954లో. రాయ్ అని వెతికేవాడికి ముఖర్జీ తగులుతాడా? ఆయన పెద్ద మనిషి కాబట్టి మనకు తెలుసు. ఒక టైలర్ కొడుకు, ఒక బొగ్గు గని కార్మికుడి కొడుకు అయితే ఆ ముడి ఎవరో ఒకరు కూర్చుని విప్పాల్సిందే.

విప్పడం ఎలాగో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, ఇక్కడ కాస్త రికార్డుల గోల ఉంటుంది.

మొదటి మెట్టు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు చూసుకునే సంస్థ. 1917లో మొదలైంది. రెండు యుద్ధాల్లోనూ చనిపోయిన 17 లక్షల మంది కామన్‌వెల్త్ సైనికుల రికార్డులు వాళ్ల దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు. పేరు, నంబరు, తేదీ, సమాధి వరస. దాని కింద చాలామందికి ఇంకో వాక్యం ఉంటుంది: ఫలానా ఫలానా దంపతుల కుమారుడు, ఫలానా ఊరు. ఆ ఒక్క వాక్యమే మనకి తాళంచెవి. యుద్ధం అయ్యాక కమిషన్ ఇంటింటికీ ఫారం పంపించింది, అమ్మానాన్నలు నింపి పంపారు, అదే అచ్చయింది. నింపనివాళ్లు? ఇల్లు మారినవాళ్లు, చదవడం రానివాళ్లు, ఆ కాగితం చూడలేక మంటలో వేసినవాళ్లు? వాళ్ల పిల్లల పేర్ల కింద ఏమీ లేదు. ఖాళీ.

వాక్యం ఉంటే తండ్రి పేరు, తల్లి పేరు వచ్చేశాయి. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్ జనన సూచికలు తెరవాలి. 1911 జులై తర్వాత పుట్టిన ప్రతి బిడ్డ పేరు పక్కనా తల్లి పుట్టింటి ఇంటిపేరు వేశారు. చిన్న విషయంలా ఉంది కదా? మాకు ఇదే పెద్ద దిక్కు. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటిపేరు, రిజిస్ట్రేషన్ జిల్లా, ఈ మూడూ కలిపి వెతికితే ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరూ వరసగా వచ్చేస్తారు. అక్కచెల్లెళ్ల పేర్లు దొరికాయి. తర్వాత పెళ్లిళ్ల సూచిక. 1912 నుంచి వధువు పేరు పక్కన వరుడి ఇంటిపేరూ, వరుడి పేరు పక్కన వధువు ఇంటిపేరూ వేస్తున్నారు. ఇంటిపేరు స్మిత్ అయితే? జోన్స్ అయితే? అప్పుడు మీ ఖర్మ. ఒక్క జిల్లాలో ఒకే పేరు మీద పాతికమంది వస్తారు, సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ డబ్బు కట్టి తెప్పించుకుని తండ్రి పేరు సరిపోతుందేమో చూసుకోవాలి.

జనాభా లెక్కలు చూడొచ్చు కదా అని ఎవరో అంటున్నారు. ముందు వరుసలో. బాగా అడిగారు. 1921 లెక్కలు 2022లో బయటపెట్టారు, చూడొచ్చు. 1931 లెక్కలు? 1942 డిసెంబరులో గోదాములో నిప్పంటుకుని మొత్తం కాలిపోయాయి. బాంబు పడి కాదండీ, మామూలు అగ్నిప్రమాదం. 1941 లెక్కలు యుద్ధం వల్ల అసలు తియ్యనేలేదు. అంటే ఇంగ్లండ్‌లో 1921 తర్వాత ఏకంగా 1951 దాకా ఖాళీ. మన కుర్రాళ్లు పుట్టి, పెరిగి, చచ్చిపోయింది సరిగ్గా ఆ ఖాళీలోనే.

ఆ ఖాళీలో ఒకే ఒక దీపం ఉంది. 1939 రిజిస్టర్. యుద్ధం మొదలైన నెలలోనే, సెప్టెంబరు 29న, గుర్తింపు కార్డుల కోసం ఇంటింటికీ తిరిగి అందరి పేర్లూ, పుట్టిన తేదీలూ రాసుకున్నారు. తర్వాత రేషన్‌కీ అదే వాడారు, జాతీయ ఆరోగ్య సేవ వచ్చాక దానికీ అదే వాడారు, 1991 దాకా. అందువల్ల ఏమైందో చూడండి. ఒక ఇల్లు. తండ్రి, తల్లి, పదిహేడేళ్ల అబ్బాయి, ఏదో ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్నాడు. కింద పదిహేనేళ్ల అమ్మాయి. ఆ అమ్మాయి ఇంటిపేరు మీద అడ్డంగా గీత కొట్టేసి, పైన వేరే రంగు సిరాతో ఇంకో ఇంటిపేరు రాసి ఉంటుంది. గుమస్తా ఎవరో ఆమె పెళ్లయ్యాక కార్డు మార్చేటప్పుడు దిద్దాడు. అతని దృష్టిలో అది రోజువారీ పని. మనకి? మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడతారు, నిజం చెప్తున్నాను.

రెండు ఇబ్బందులున్నాయి. పుట్టి వందేళ్లు నిండనివాళ్ల వరసలు, చనిపోయారని రుజువైతే తప్ప, నల్లగా మూసేసి ఉంటాయి. అప్పటికే సైన్యంలో చేరిపోయినవాళ్లు ఆ రిజిస్టర్లో ఉండరు. రెండోది మనకి పెద్ద బాధ కాదు. కుర్రాడు లేకపోయినా ఇల్లు ఉంటే చాలు, మనకి కావలసింది చెల్లెలు.

కెనడా, ఆస్ట్రేలియా ఈ విషయంలో మారాజులు. కెనడాలో యుద్ధంలో పోయినవాళ్ల సర్వీసు ఫైళ్లు జాతీయ ఆర్కైవ్స్‌లో తెరిచే ఉన్నాయి. ఆస్తి పంపకాల కాగితం ఉంటే అందులో తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల చిరునామాలు కూడా దొరుకుతాయి. ఆస్ట్రేలియావాళ్లు ప్రమాదాల ఫైళ్లు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. తల్లులు ఎయిర్ ఫోర్స్‌కి రాసిన ఉత్తరాలు వాళ్ల చేతిరాతతోనే చదవొచ్చు. అమెరికా మాత్రం కష్టం. 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డు కేంద్రంలో మంటలు లేచి కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. అప్పట్లో అమెరికా వైమానిక దళం ఆర్మీలో భాగం కాబట్టి దెబ్బ వీళ్లకీ తగిలింది. అదృష్టం ఏంటంటే, విమానం తిరిగి రానప్పుడు రాసే రిపోర్టులు విడిగా మిగిలాయి. వాటిలో సిబ్బంది ఒక్కొక్కరి దగ్గరి బంధువు పేరు, చిరునామా ఉంటాయి.

ఇంకో దారి చెప్తాను, ఇది నాకు ఇష్టమైన దారి. ఉత్తర అమెరికాలో ఎవరైనా పోతే స్థానిక పత్రికలో సంస్మరణ వేస్తారు. అందులో పిల్లల పేర్లు, మనవల పేర్లు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో అన్నీ రాస్తారు. ముందే పోయినవాళ్ల పేర్లూ రాస్తారు. 1990ల్లో పోయిన ఒక పెద్దావిడ సంస్మరణలో, చివర్లో, ఒక ముక్క ఉంటుంది: 1944లో విదేశంలో యుద్ధంలో మరణించిన సోదరుడు ఫలానా. అయిపోయింది. ఆమె ఇంటిపేరు మీకు తెలియక్కర్లేదు. సోదరుడి పేరుతో వెతికితే సోదరి దొరికింది, ఆమె పిల్లలందరూ ఒకే పేరాలో దొరికారు.

ఇంటర్నెట్లో జనం పెట్టుకున్న వంశవృక్షాలు? చూడండి, చూడొద్దనను. కానీ నమ్మకండి. ఒకడు తప్పు రాస్తే ఇరవైమంది దాన్ని ఎక్కించుకుంటారు, ఇరవైచోట్ల ఉంది కాబట్టి నిజమే అనిపిస్తుంది. పైగా మన కుర్రాడి పేరు కింద గీత గీసి, సంతానం లేదు అని రాసి, అక్కడితో వదిలేస్తారు.

ఎందుకింత కష్టం?

ఇది మీరు అడగకపోయినా నేనే అడుగుతాను. పేర్లున్నాయి, రాయి ఉంది, పూలు పెడితే సరిపోదా? బంధువులు ఎందుకు?

ఆ ఇళ్లకి అప్పట్లో ఏం చెప్పారో తెలిస్తే అర్థమవుతుంది. విమానం తిరిగి రాలేదు. మర్నాడు టెలిగ్రాం: మీ అబ్బాయి ఆచూకీ లేదు. బేస్‌లో అతని మంచం దగ్గరికి కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ వాళ్లు వచ్చి బట్టలు, ఉత్తరాలు, షేవింగ్ సామాను అన్నీ లెక్క రాసి మూట కడతారు. ఆ మూట స్లవ్ దగ్గర కోల్న్‌బ్రుక్ అనే చోట ఉన్న డిపోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఎప్పటికో ఇంటికి. ఆరు నెలలు చూసి, ఇక చనిపోయినట్టే భావిస్తున్నాం అని ఇంకో ఉత్తరం. చాలా ఇళ్లలో సమాచారం అక్కడితో ఆగిపోయింది. ఎక్కడ కూలింది, ఎవరు చూశారు, ఎవరు పాతిపెట్టారు, ఏమీ తెలియదు.

యుద్ధం అయ్యాక రాయల్ ఎయిర్ ఫోర్స్ ప్రత్యేకంగా ఒక దళాన్ని పంపింది, యూరప్ అంతా తిరిగి తమవాళ్లను వెతకడానికి. ఊరూరా తిరిగారు, చర్చి ఫాదర్లను అడిగారు, మేయర్లను అడిగారు, సమాధులు తవ్వి చూశారు. చొక్కా మీద లాండ్రీ గుర్తు, బూటు సైజు, ఇలాంటి వాటితో పేర్లు పట్టుకున్నారు. ఆచూకీ లేనివాళ్లు దాదాపు 42 వేలు, వాళ్లలో దాదాపు 24 వేల మంది సమాధులు తేల్చారు. ఊహించుకోండి, కంప్యూటర్ లేదు, డీఎన్‌ఏ లేదు. మిగిలినవాళ్లలో చాలామంది సముద్రంలో పోయారు. ఏ సమాధీ లేని ఇరవై వేల పైచిలుకు మంది పేర్లు లండన్ దగ్గర రనీమీడ్‌లో, థేమ్స్ నది పైన కొండమీద, గోడలకి చెక్కి ఉన్నాయి. 1953లో రాణి ఎలిజబెత్ ఆవిష్కరించింది. నూర్ ఇనాయత్ ఖాన్ తెలుసు కదా, టిప్పు సుల్తాన్ వంశం అమ్మాయి, గూఢచారిగా ఫ్రాన్స్‌లో దిగి డాకౌ అనే నాజీ నిర్బంధ శిబిరంలో ప్రాణం పోగొట్టుకుంది? ఆమెదీ వైమానిక దళం యూనిఫారమే కాబట్టి ఆమె పేరూ అక్కడే ఉంది.

అందుకని ఊరి కమిటీ దగ్గరున్నది రాయి మాత్రమే కాదు. ఆ ఇంటివాళ్లు ఎనభై ఏళ్లుగా వినని కథ వాళ్ల దగ్గరుంది. ఇంటివాళ్ల దగ్గరేమో కమిటీకి లేని మొహం ఉంది, ఫొటో. ఈ రెండూ కలవాలి.

ఫొటో అన్నాను కాబట్టి, ఒక చిన్న కిటుకు. ఇల్లు దొరికింది, ఫొటో పంపారు. ఇదే మా మామయ్య అన్నారు. నిజంగా అతనేనా? ఛాతీ మీద చూడండి. ఎడమ జేబు పైన ఒక్క రెక్క ఉంటుంది, ఒక పక్క గుండ్రం, అందులో అక్షరం. నావిగేటర్‌కి ఎన్, గన్నర్‌కి ఏజీ, ఇంజనీర్‌కి ఈ. రెండు రెక్కలుంటే పైలట్. మీ రికార్డులో వెనక గన్నర్ అని ఉండి ఫొటోలో ఎన్ కనిపిస్తే ఆగండి. తప్పు ఫొటో అయి ఉండొచ్చు, అన్నదమ్ముల్లో ఇంకొకరిది కావచ్చు. రెక్క లేకుండా, టోపీ ముందు మడతలో తెల్ల గుడ్డ ముక్క దోపి ఉంటే? అది శిక్షణలో ఉన్నప్పుడు దిగిన ఫొటో. అలాంటివే ఎక్కువ వస్తాయి. కొత్త యూనిఫారం వేసుకోగానే స్టూడియోకి వెళ్లి ఒకటి దిగి అమ్మకి పంపడం అందరూ చేసిన పని. అమెరికన్లకి ఇవన్నీ వేరు, కలిపేసుకోకండి.

ఉత్తరం రాసేటప్పుడు

బంధువు దొరికారు. పేరు తెలిసింది, ఊరు తెలిసింది. వెంటనే ఫోన్ చేసేద్దామా?

వద్దండీ. ఎనభై ఏళ్ల పెద్దావిడ. ఎవడో ఫోన్ చేసి, మీ అమ్మ పుట్టింటిపేరు ఇది కదా, మీ మామయ్య ఫలానా కదా అంటే ఆవిడ ఏమనుకుంటుంది? ఆన్‌లైన్ మోసగాళ్లు అడిగేవీ ఇవే ప్రశ్నలు. ఫేస్‌బుక్ మెసేజ్ అయితే చూడనే చూడరు. పోస్టులో ఉత్తరం రాయండి. ఒక్క పేజీ. నేనెవరిని, ఏ ఊళ్లో ఏ స్మారకం, మీరు ఆయన బంధువని నేను ఎందుకు అనుకుంటున్నాను, ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకి వచ్చాను. ఆ వరస తప్పకుండా రాయండి, అదే నమ్మకం కలిగిస్తుంది. డబ్బు ప్రస్తావన ఉండకూడదు. మేం కాదు అని జవాబిచ్చినా సంతోషమే అని రాయండి. ఒరిజినల్ ఫొటో పంపమని ఎప్పుడూ అడగొద్దు, స్కాన్ చాలు. వెనక వైపు కూడా స్కాన్ చెయ్యమనండి, రాత ఉండేది అక్కడే. ఆ తర్వాత ఊరుకోండి. నెలలు పట్టొచ్చు. వాళ్లు ఒప్పుకునేదాకా వాళ్ల చిరునామా కమిటీకి కూడా ఇవ్వకూడదు. పోయినవాళ్ల వివరాలు వేరు, బతికున్నవాళ్ల వివరాలు వేరు.

జాగ్రత్త ఎందుకో ఇంకో మాట చెప్తాను. పెళ్లైనవాళ్లూ కొందరున్నారు. సెలవు దొరికిన వారంలో పెళ్లి, ఆరు నెలలకి టెలిగ్రాం. భార్యకి ఇరవై ఏళ్లు. నాలుగేళ్లకి మళ్లీ పెళ్లి చేసుకుంది. చేసుకోకూడదా? తప్పకుండా చేసుకోవాలి. మొదటి భర్తకి పుట్టిన బిడ్డ రెండో భర్త ఇంటిపేరుతో పెరిగింది. కొన్ని ఇళ్లలో ఆ బిడ్డకి చెప్పారు, కొన్ని ఇళ్లలో చెప్పలేదు. ఇప్పుడు మీరు ఆ బిడ్డకి, ఎనభై దాటిన మనిషికి, మీ నాన్నగారి స్మారకం అని ఉత్తరం రాస్తే, ఆయన ఎవరి గురించి అనుకోవాలి? అలాంటి చోట నేను బంధుత్వం పేరు రాయను. మీ కుటుంబానికి దగ్గరివారు అని మాత్రం రాస్తాను. తెలిస్తే వాళ్లే చెప్తారు. తెలియకపోతే చెప్పడం నా పని కాదు. మీలో కొందరు దీనికి ఒప్పుకోకపోవచ్చు. నిజం తెలుసుకునే హక్కు లేదా అంటారు. ఉంది. దాన్ని పోస్టులో పడేసే హక్కు మాత్రం నాకు లేదు.

ఇంకోటి, తొందర. హాలండ్‌లో మార్కర్‌మీర్ అని పెద్ద సరస్సు ఉంది. 2008లో అక్కడ ఒక పడవకి విమానం చక్రాల భాగం తగిలింది. స్టర్లింగ్ బాంబర్. ముందు అది బీకే 710 అనే విమానం అనుకున్నారు. తర్వాత పరిశోధన చేసి చూస్తే అది కాదు, బీకే 716. 1943 మార్చిలో బెర్లిన్ దాడి నుంచి తిరిగొస్తూ పోయింది, ఏడుగురు. ఆ నిర్ణయానికి రావడానికి సాయపడినవాటిలో ఒక సిగరెట్ పెట్టె ముక్క ఉంది, దాని మీద చెక్కిన పొడి అక్షరాలు సిబ్బందిలో ఒక గన్నర్ పేరుతో సరిపోయాయి. 2020లో శిథిలాలన్నీ బయటికి తీశారు, అల్మేర్‌లో స్మారకం కట్టారు. ఆలోచించండి, మొదటి అంచనా నమ్ముకున్న ఇళ్లకి ఎలా ఉంటుంది? దొరికాడు అన్న మాట ఒకసారి విన్నాక, కాదు, వేరేవాళ్లు అని మళ్లీ వినడం. విమానం నంబరు రూఢి అయ్యేదాకా ఎవరి తలుపూ తట్టకూడదు. డచ్ ప్రభుత్వం ఇప్పుడు ఆచూకీ లేని సిబ్బంది ఉండే అవకాశమున్న శిథిలాలను ఒక పథకం పెట్టి వరసగా తీస్తోంది, కాబట్టి ఈ పని తగ్గేది లేదు, పెరిగేదే.

మన దేశం వైపు కూడా ఒక మాట. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకులు మోసిన దారి, హంప్ అనేవాళ్లు. 1942 నుంచి 1945 దాకా దాదాపు 600 విమానాలు పోయాయి. అరుణాచల్ కొండల్లో వేటకి వెళ్లినవాళ్లకి ఇప్పటికీ రెక్కలు, ఇంజన్లు కనిపిస్తుంటాయి. 2023లో పాసీఘాట్‌లో దానికి మ్యూజియం తెరిచారు. మన గడ్డమీద ఆచూకీ తేలని అమెరికన్లు దాదాపు 400 మంది. ఎముక ముక్క దొరికితే డీఎన్‌ఏ పోల్చాలి. ఎవరితో? ఇక్కడే మళ్లీ మన అక్కచెల్లెళ్లు.

ఎనభై ఏళ్లు వానలో నానిన ఎముకలో తరచుగా మిగిలేది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వస్తుంది. అంటే పోయిన కుర్రాడికి కొడుకున్నా, ఈ పరీక్షకి ఆ కొడుకు రక్తం పనికిరాదు! వాడికి వాళ్లమ్మ వైపుది వచ్చింది. పనికొచ్చేది ఎవరు? కుర్రాడి అక్క, అక్క కూతురు, ఆ కూతురి పిల్లలు. అన్న కొడుకు పనికిరాడు, అక్క కొడుకు పనికొస్తాడు. అందుకే అమెరికా సైన్యం వంశచరిత్ర తెలిసినవాళ్లను పెట్టుకుని తల్లి వైపు శాఖలు పట్టుకుంటూ వెళ్తుంది. స్మారకానికైతే ఏ బంధువైనా ఒకటే. గుర్తింపుకైతే అక్కచెల్లెళ్ల గీత తెగిపోతే అమ్మ అక్కచెల్లెళ్ల దాకా, అమ్మమ్మ దాకా వెనక్కి వెళ్లి మళ్లీ కిందికి దిగాలి.

ఎవరూ దొరకనివాళ్ల సంగతి? ఉంటారు. ఒక్కడే కొడుకు, అమ్మానాన్నలకీ తోబుట్టువుల్లేరు. అనాథాశ్రమం నుంచి వచ్చినవాడు. పేరు మార్చుకుని చేరినవాడు. ఏడుగురిలో ఆరుగురి తరఫున మనుషులు వచ్చి, ఏడో పేరు పక్కన ఎవరూ లేకపోతే చూడ్డానికి బాధగానే ఉంటుంది. హాలండ్‌లోనే మార్గ్రాటెన్ అని అమెరికన్ల శ్మశానం ఉంది, ఎనిమిది వేలకు పైగా సమాధులు. ఒక్కో సమాధినీ చుట్టుపక్కల ఊళ్ల కుటుంబం ఒకటి దత్తత తీసుకుంది, 1945 నుంచీ. అన్నీ దత్తతలో ఉన్నాయి, కొత్తవాళ్లు కావాలంటే ఎదురుచూడాలి. బంధువు లేని ఏడో పేరుకి ఇలాంటి ఏర్పాటు చెయ్యమని కమిటీలకి నేను గట్టిగా చెప్తాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఆవిష్కరణ రోజుతో వెతుకులాట ఆపకండి. వార్త పేపర్లో పడ్డాకే, ఫొటోలు ఇంటర్నెట్లో తిరిగాకే సగం బంధువులు బయటపడతారు. ఆస్ట్రేలియాలో ఒక కుర్రాడు అమ్మమ్మ అన్నయ్య పేరు గూగుల్లో కొట్టి మీ రాయి ఫొటో చూస్తాడు. అప్పుడు ఎవరికి రాయాలో అతనికి తెలియాలి. కాబట్టి స్మారకం దగ్గర బోర్డు మీద, పేర్ల కింద, పని చేసే ఒక ఈమెయిల్ పెట్టండి. కార్యదర్శి గారి సొంత మెయిల్ కాదు, ఆయన తర్వాత కూడా ఎవరో ఒకరు తెరిచేది. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. మైకు అటువైపు ఇవ్వండి, ఆ చివర అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంచింది.